దరువు: ప్యూర్ డేటాలో తెలుగు మెనూ, అప్పటికప్పుడు వచ్చి చేరే వాయిద్యాలు

ఆషాఢం

‘దరువు’ పని మొదలైంది. హన్మకొండ నయీంనగర్‌లో మా వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మ పాటలు సాధన చేసుకోవాలి, పిల్లలు డప్పు దెబ్బలు నేర్చుకోవాలి. అందుకు ల్యాప్‌టాప్‌లో ఒక వాయిద్యాల పెట్టె కావాలి. డప్పు, డోలు, తాళాలు, చప్పట్లు, కిన్నెర... ఏది కావాలంటే అది మెనూలో ఎంచుకుంటే వచ్చి చేరాలి, వద్దనుకుంటే పోవాలి. మెనూ తెలుగులో ఉండాలి. వాడేవాళ్లకు ఒక్క తీగ కూడా కలపాల్సిన పని పడకూడదు.

పునాదిగా శబ్దాలు తయారుచేసే ప్రోగ్రామ్ ప్యూర్ డేటాను తీసుకున్నాను. వాడేవాళ్లు పీడీ అంటారు. మిల్లర్ పకెట్ 1980ల్లో పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో మాక్స్ అనే ప్రోగ్రామ్ రాశాడు. 1990ల్లో అదే ఆలోచనతో కొత్తగా రాసింది పీడీ. మాక్స్ ఇప్పుడు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సింది. పీడీ ఉచితం, సోర్సు కోడు కూడా తెరిచే ఉంటుంది. ఇందులో ప్రోగ్రామ్ అంటే ఒక బొమ్మ. డబ్బాలు పెట్టి వాటి మధ్య తీగలు గీస్తే శబ్దం నడుస్తుంది. ‘ఆస్క్’ డబ్బా స్వరం పుట్టిస్తుంది, ‘డాక్’ డబ్బా దాన్ని స్పీకరుకు పంపుతుంది. ఇవన్నీ ఉన్న పేజీని ప్యాచ్ అంటారు.

తొలి ప్యాచ్‌ను మా మేనమామకు చూపించాను. ఆయనది హసన్‌పర్తి దగ్గరి ఊరు, చిన్నప్పటి నుంచీ డప్పు కొడుతున్నాడు. తెర వంక చాలాసేపు చూసి, “ఏందిర అల్లుడా, డప్పు కొట్టాల్నంటే గిన్ని తీగలు కలుపాల్నా? మేమైతే మంటకాడ కాపుకొని భుజానికి ఏసుకుంటం, అంతే” అన్నాడు. ఈ ప్రాజెక్టుకు కావాల్సిన నిర్దేశం మొత్తం ఆ మాటలో ఉంది. ఎంచుకోవడం ఒకటి, వాయించడం ఒకటి. ఆ రెంటి మధ్య మూడో పని ఉండొద్దు.

ఆషాఢం చివర, బోనాల హడావుడిలో

వాయిద్యాలు అప్పటికప్పుడు రావాలంటే ప్యాచ్ నడుస్తుండగానే దానిలో కొత్త డబ్బాలు పుట్టాలి. పీడీలో ఇది సాధ్యం కావడానికి కారణం దాని ఫైలు కట్టుబడిలోనే ఉంది. ప్యాచ్ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే కనిపించేవి వరుసగా ఆజ్ఞలు. ఫలానా చోట ఫలానా డబ్బా పెట్టు, 0వ డబ్బా 0వ రంధ్రం నుంచి 1వ డబ్బా 0వ రంధ్రానికి తీగ కలుపు. ఫైలు తెరవడమంటే ఆ ఆజ్ఞలన్నీ ఒకదాని వెనక ఒకటి పేజీకి చేరడమే. అదే ఆజ్ఞను నడుస్తున్న పేజీకి మనం సందేశంగా పంపినా అది వింటుంది. ప్యాచ్‌లో ఒక డబ్బా లోపలే ఇంకో పేజీ ఉండవచ్చు. ఆ లోపలి పేజీకి ‘గూడు-3’ అని పేరు పెడితే, ముందు ‘పీడీ’ తగిలించి ఆ పేరుకు సందేశం పంపితే చాలు. కొత్త డబ్బా పుడుతుంది.

చదవడానికి ఇంతే. కట్టడంలో మెలికలున్నాయి. పీడీలో డబ్బాలకు పేర్లు ఉండవు, పుట్టిన క్రమంలో 0 నుంచి అంకెలే ఉంటాయి. రాసిపెట్టుకున్న వ్యాఖ్య కూడా ఒక అంకె తింటుంది. మధ్యలోంచి ఒక డబ్బా తీసేస్తే తర్వాతి అంకెలన్నీ ఒకటి జరుగుతాయి, పాత లెక్కతో పంపిన ‘కలుపు’ ఆజ్ఞ పోయి ఇంకెక్కడో కలుస్తుంది. పైగా అంకె చెప్పి ఒక్క డబ్బాను మాత్రమే తీసేయించే తిన్నని సందేశం లేదు. ఉన్నది ‘క్లియర్’ ఒక్కటే. అది పేజీ మొత్తాన్ని తుడిచేస్తుంది.

అందుకే ఒకే పెద్ద పేజీలో అన్నీ పుట్టించే ఆలోచన పక్కన పెట్టి గూళ్లు కట్టాను. ఎనిమిది గూళ్లు, ఒక్కోటీ విడి లోపలి పేజీ, ఒక్కో గూటిలో ఒక్క వాయిద్యమే. తీసేయాలంటే ఆ గూటిని తుడిస్తే చాలు, పక్కవాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. గూటిలో ఉండేది ఎప్పుడూ 0వ డబ్బా ఒక్కటే కాబట్టి అంకెల తలనొప్పి మొదట్లోనే తెగిపోయింది. పీడీలో ఇలాంటి పని తలపెట్టే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే: తీసేయగలిగే ముక్క ఎంత ఉండాలో తేల్చుకొని, దానికో పేజీ కట్టాలి.

గూటికి శబ్దం బయటికి పోయే దారి ఎలా? మామూలుగా లోపలి పేజీలో ‘అవుట్‌లెట్’ పెడతాం, దానికి బయట తీగ ఉంటుంది. గూటిని తుడిస్తే అవుట్‌లెట్ పోతుంది, దాంతో బయటి తీగా పోతుంది. కాబట్టి తీగల్లేని దారి కావాలి. పీడీలో అలాంటి జంటలు రెండున్నాయి. ‘సెండ్, రిసీవ్’ జంటలో పంపేవాడు లేకపోతే శబ్దపు లెక్క మళ్లీ కట్టినప్పుడల్లా రిసీవ్ జత దొరకలేదని ఫిర్యాదు చేస్తుంది. ‘త్రో, క్యాచ్’ జంటలో విసిరేవాడు లేకపోతే పట్టేవాడు నిశ్శబ్దంగా ఉంటాడు. ఖాళీ గూళ్లు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ‘త్రో, క్యాచ్’ తీసుకున్నాను. లెక్క క్రమాన్ని బట్టి ఈ దారిలో ఒక బ్లాక్ ఆలస్యం పడవచ్చు. పీడీ శబ్దాన్ని శాంపిళ్లుగా, అంటే క్షణక్షణానికి కొలిచిన అంకెలుగా లెక్కిస్తుంది. అలాంటివి 64 కలిస్తే ఒక బ్లాక్, సెకనుకు 44,100 చొప్పున అది 1.45 మిల్లీసెకన్లు. డప్పు దెబ్బలో అంత తేడా చెవికి అందదు. ఒకే శబ్దాన్ని రెండు దారుల్లో పంపి కలిపితే మాత్రం డొల్లగా వినిపిస్తుంది, అలా ఎక్కడా పంపకుండా చూసుకున్నాను.

ఇంకొక్క సంగతి. చేత్తో డబ్బా పెడితే దాని లోపలి ‘లోడ్‌బ్యాంగ్’ తనంతట తానే మోగి, మొదటి విలువలు సర్దుకుంటాయి. సందేశంతో పుట్టించిన వాయిద్యంలో అది మోగదు. పుట్టించాక ఆ పేజీకి ‘లోడ్‌బ్యాంగ్’ సందేశం విడిగా పంపాలి. అన్నీ ఒకే పేజీలో ఉంటే కొత్తగా డోలు చేర్చినప్పుడల్లా అప్పటికే మోగుతున్న డప్పు విలువలు కూడా మొదటికి వచ్చేవి. గూళ్ల వల్ల ఆ బాధా లేదు.

శ్రావణం

మెనూ పని. ఈ నెలంతా దీని మీదే మనసు.

పీడీ లోపల రెండు ప్రోగ్రాములుంటాయి. శబ్దం లెక్కలు కట్టేది సీ భాషలో ఉంటుంది. కిటికీలు, మెనూలు గీసేది టికిల్ భాషలో, టీకే పరికరాలతో ఉంటుంది. రెండూ సాకెట్ మీద మాట్లాడుకుంటాయి. పేరు చివర ‘ప్లగిన్ డాట్ టీసీఎల్’ అని ఉన్న ఫైలును పీడీ వెతికే ఫోల్డర్‌లో పెడితే, పీడీ తెరుచుకునేటప్పుడే దాన్ని చదువుకుంటుంది. ఆ ఫైలునే ప్లగిన్ అంటారు. పీడీ సోర్సు ముట్టుకోకుండానే మెనూబార్‌లో కొత్త శీర్షిక పెట్టవచ్చు. నాది ‘దరువు’ అన్న శీర్షిక. దాని కింద ‘కొత్త వాయిద్యం’, ‘తీసేయ్’, ‘పాటలు’.

‘కొత్త వాయిద్యం’ కింది పేర్లను ప్లగిన్‌లో రాసిపెట్టలేదు. టీకే మెనూలకు ‘పోస్ట్‌కమాండ్’ అని ఒక సౌకర్యం ఉంది. మెనూ తెరుచుకునే క్షణానికి ముందు మనం చెప్పిన పని చేసిపెడుతుంది. ఆ క్షణంలో పాత వరసలన్నీ తీసేసి, ‘వాయిద్యాలు’ ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయో చూసి, ఉన్నవాటితో మెనూ కొత్తగా కడతాను. కొత్త వాయిద్యం తయారైతే ఫైలును ఆ ఫోల్డర్‌లో పడేస్తే సరి. పీడీని మూసి తెరవాల్సిన పని కూడా లేదు, మరోసారి మెనూ తెరిస్తే పేరు కనిపిస్తుంది. ‘తీసేయ్’ మెనూలో మాత్రం నిండిన గూళ్లే కనిపిస్తాయి. ఏ గూటిలో ఏముందో టికిల్ వైపే ఒక పట్టికలో రాసుకుంటున్నాను. చేర్చేదీ తీసేదీ ఈ మెనూనే కాబట్టి అవతలివైపు నుంచి అడిగి తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

పేరు నొక్కగానే ప్లగిన్ పీడీకి ఒక్క వాక్యం పంపుతుంది: చేర్చు, గూడు 3, కిన్నెర. ప్యాచ్‌లో ఒక ‘రిసీవ్’ డబ్బా దాన్ని అందుకుంటుంది, ‘రూట్’ డబ్బా చేర్చడమా తీసేయడమా అని విడదీస్తుంది, ఆ తర్వాత గూటికి మూడు సందేశాలు వెళ్తాయి: తుడువు, పుట్టించు, మోగించు. ఈ సందేశాలు పంపే డబ్బాలు గూళ్ల బయటే ఉండాలి. తాను ఉన్న పేజీని తానే తుడిపించుకునే డబ్బా పీడీని కూల్చేయగలదు.

తెలుగు అక్షరాల దగ్గర పని పెరిగింది. పీడీకి యూనికోడ్ వచ్చు, అక్షరాలను సక్రమంగా దాచుకుంటుంది. కానీ మా లినక్స్ ల్యాప్‌టాప్‌లో మెనూ గీసే టీకే మన వత్తులను కలపదు. ‘డప్పు’ అన్న పేరులో రెండు ‘ప’లు పక్కపక్కనే నిలబడి, పొల్లు ఒక చోట, కొమ్ము ఒక చోట వేలాడతాయి. ‘కిన్నెర’కు ‘న’వత్తు రాదు. విండోస్‌లో, మాక్‌లో అక్షరాలను కూర్చే పని ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుంది కాబట్టి అక్కడ బాగానే వస్తాయి. మా వాడకట్టులో పాడేవాళ్లకు దొరికేది మాత్రం ఈ పాత లినక్స్ ల్యాప్‌టాపే. వత్తులు లేని తెలుగును పెద్దమ్మ ముందు పెట్టి ‘ఇదే మన మెనూ’ అనడం నాకు సమ్మతం కాదు. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్ల లిపి విరిగి కనిపిస్తే, తతిమ్మా పని ఎంత బాగున్నా వాళ్లది కాకుండా పోతుంది.

దారి దొరికింది. టీకే మెనూ వరసలో అక్షరాలకు బదులు బొమ్మ పెట్టవచ్చు, టీకే 8.6 నుంచి పీఎన్‌జీ బొమ్మలను నేరుగా చదువుతుంది. పాంగో లైబ్రరీ తెలుగును సరిగా కూరుస్తుంది. ప్రతి వాయిద్యం పేరునూ నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌లో పాంగోతో చిన్న బొమ్మగా తీశాను. ఇప్పుడు ఫోల్డర్‌లో ఒక్కో వాయిద్యానికి రెండు ఫైళ్లు: ప్యాచ్ ఒకటి, అదే పేరుతో బొమ్మ ఒకటి. ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, కనిపించే పేరు నిండు తెలుగులో. మెనూ వెడల్పు కొంచెం పెరిగింది. వత్తులు సరిగా కూర్చున్నాయి, అది చాలు.

మెనూలో ఏ పేర్లు ఉండాలన్నది మామ, వదిన, పెద్దమ్మ కలిసి తేల్చారు. నేను ‘వేగం’ అని పెట్టినచోట వదిన ‘నడక’ అంది, అదే ఉంచాను. డప్పు కింద మామ రెండే పేర్లు చెప్పాడు: చిర్ర, సిటికెన పుల్ల. కుడిచేతి పొట్టి కర్ర చిర్ర, ఎడమచేతి సన్న పుల్ల సిటికెన పుల్ల. లోపల ‘హై ఫ్రీక్వెన్సీ నాయిస్’ ఎంత కలుస్తుందన్నది నాకు కావాల్సిన లెక్క. మెనూ వాడేవాళ్లకు కావాల్సింది సిటికెన పుల్ల గట్టిగా పడాలా మెల్లగా పడాలా అన్నదే.

భాద్రపదం మొదట్లో

కిన్నెర. వెదురు దండె, కింద సొరకాయ బుర్రలు, దండె మీద మెట్లు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. నా వాయిద్యానికీ పన్నెండు మెట్లే పెట్టాను. అయితే వాటిని హార్మోనియం మెట్లకు బిగించలేదు. ప్రతి మెట్టుకూ విడి అంకె, నేరుగా హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో. చెవితో విని సర్దుకోవచ్చు.

తీగ మీటిన శబ్దానికి 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రచురించిన పద్ధతి ఉంది. స్వరం ఒక్క కంపనానికి సరిపడా గరగర శబ్దాన్ని తీసుకొని, ఒక చిన్న జాప్యపు గొట్టంలో తిప్పాలి. ప్రతి చుట్టులో పక్కపక్క శాంపిళ్ల సగటు తీసి మళ్లీ లోపలికి పంపాలి. పైస్థాయి ధ్వనులు ముందు ఆరిపోతాయి, కింది స్వరం నిలుస్తుంది. అచ్చం మీటిన తీగలాగే.

పీడీ డబ్బాలతో దీన్ని కడితే ఒక గోడ అడ్డం వస్తుంది. శబ్దాన్ని పీడీ 64 శాంపిళ్ల బ్లాకులుగా లెక్కిస్తుంది కాబట్టి, వెనక్కి తిరిగి వచ్చే దారిలో జాప్యం 64 శాంపిళ్ల కంటే తగ్గదు. 44,100ను 64తో భాగిస్తే 689. ఆ హెర్ట్జ్ దాటిన స్వరమేదీ పలకదు. 220 పలుకుతుంది, 440 పలుకుతుంది, 880 అడిగినా 689 దగ్గరే ఆగిపోతుంది. లోపలి పేజీకి బ్లాకును 1గా మార్చుకోవచ్చు. అప్పుడు ప్రతి శాంపిలుకూ డబ్బాలన్నింటినీ పిలవాలి, పాత ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. మూడు కిన్నెరలు చేర్చితే మోత తెగడం మొదలైంది.

కాబట్టి కిన్నెర తీగను సీ భాషలో విడి డబ్బాగా రాశాను. పీడీలో వీటిని ఎక్స్‌టర్నల్ అంటారు. పీడీ 64 శాంపిళ్లు చేతికిస్తుంది, లోపల ఒక్కో శాంపిలూ మనమే నడుపుతాం, చుట్టు ఎంత చిన్నదైనా అడ్డులేదు. శ్రుతి విషయంలో ఒక సూక్ష్మం ఉంది. 880 హెర్ట్జ్‌లో ఒక్క కంపనం 50.11 శాంపిళ్లు. దాన్ని 50కి కుదిస్తే 882 పలుకుతుంది. పైగా పక్కపక్క సగటు తీసే పనే అర శాంపిలు జాప్యం కలుపుతుంది. అందుకే మొత్తంలోంచి ఆ అర తీసేసి, మిగిలిన భిన్నాన్ని రెండు శాంపిళ్ల మధ్య విలువ కట్టి సరిపెడుతున్నాను. కింది మెట్లలో తేడా తెలియదు. పై మెట్లలో, పక్కన మనిషి గొంతు ఉన్నప్పుడు, స్పష్టంగా తెలుస్తుంది.

డబ్బా సీలో ఉన్నా మెనూకు దానితో పనిలేదు. కిన్నెర ప్యాచ్ పైపొరలా ఉంటుంది, లోపల ఈ ఎక్స్‌టర్నల్ కూర్చుంటుంది.

వినాయక చవితి దాటాక

డప్పు. కిన్నెరలా లెక్కలతో పుట్టించవచ్చు, కానీ మామ డప్పు పక్కనే ఉండగా లెక్కల డప్పు పెట్టాలనిపించలేదు. రికార్డు చేశాం. ముసురు పట్టిన రోజులు. మేకతోలు తేమ పీల్చుకొని వదులవుతుంది, మంటకు కాపితే బిగుస్తుంది, సల్లారుతుంటే మళ్లీ దిగుతుంది. మామ మంట ఆరనీయలేదు. కాగిన డప్పు దెబ్బలు, సల్లారిన డప్పు దెబ్బలు విడివిడిగా తీశాం, అందులోనూ చిర్ర విడిగా, సిటికెన పుల్ల విడిగా.

దాంతో ‘కాపు’ అని ఒక మీట పెట్టాను. మొదట కాగిన దెబ్బనే కొంచెం నెమ్మదిగా మోగించి శ్రుతి దించాను. మామ విని, “గిది సల్లారిన డప్పు గాదు, పెద్ద డప్పు” అన్నాడు. నిజమే. సల్లారినప్పుడు దిగేది శ్రుతి ఒక్కటే కాదు, సిటికెన పుల్ల చురుకు చచ్చిపోతుంది, చిర్ర మాత్రం అంత తగ్గదు. ఇప్పుడు ‘కాపు’ దించితే చిర్ర శ్రుతి కొంచెం దిగుతుంది, సిటికెన పుల్ల గట్టిదనం దానికంటే ఎక్కువ పడిపోతుంది, ఒక హద్దు దాటాక సల్లారిన రికార్డింగులు అందుకుంటాయి. మామ తలూపే వరకూ ఈ మూడు విలువలూ సర్దాం. డప్పు వాయిద్యంలో నాకు అన్నింటికన్నా విలువైనది ఈ మీటే.

రికార్డింగులను వాయిద్యం ప్యాచ్‌లో పెట్టలేదు. పీడీలో శబ్దం లెక్క, సందేశాల పని ఒకే దారంలో, ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తాయి. పాట మధ్యలో మెనూ నొక్కితే, డిస్కు నుంచి ఫైలు చదివినంతసేపూ మోత ఆగుతుంది. అందుకే దెబ్బలన్నీ ‘దరువు’ తెరిచినప్పుడే పీడీ మెమరీలోని పట్టికల్లోకి చేరతాయి, గూటిలో పుట్టే డప్పు వాటి పేరు చెప్పి వాడుకుంటుంది. రెండు సెకన్ల దెబ్బ 88,200 శాంపిళ్లు, 64 బిట్ యంత్రంలో ఒక్కోదానికి 8 బైట్లు, అంటే సుమారు 7 లక్షల బైట్లు. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు ఇది లెక్కలోకి రాదు. తీసేసేటప్పుడు ‘టక్’ మనకుండా ఆ గూటి ధ్వనిని 20 మిల్లీసెకన్లలో సున్నాకు దించి, 30 దగ్గర తుడిచే సందేశం పంపుతున్నాను.

డప్పు వరస పక్కన ఇంకో వరస ఉంది: ‘ఎవరి డప్పు’. నొక్కితే మామ పేరు, ఊరు, ఏ తోలు, ఎవరు కట్టారు అన్నది కనిపిస్తుంది. వాయిద్యాల ఫోల్డర్‌లో ఈ వివరాల ఫైలు లేకపోతే ఆ వాయిద్యం మెనూలోకే రాదు. కావాలనే అలా కట్టాను. రికార్డు చేసిన శబ్దాల సంచుల్లో ‘ఇండియన్ డ్రమ్ 4’ అన్న పేరుతో తిరిగే దెబ్బల వెనక ఒక మనిషి ఉంటాడు, ఆయన పేరు పోవడం అన్యాయం.

ఎంగిలిపూల బతుకమ్మకు ముందు

వాడకట్టులో సాధనకు పెట్టాం. వదిన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నా సాయం లేకుండా డప్పు చేర్చింది, చప్పట్లు చేర్చింది, నడక తగ్గించింది. పెద్దమ్మ పాడుతూ పాడుతూ ఆగి, “చప్పట్లు తీసెయ్ బిడ్డా, మాకు చేతులున్నయి కద” అంది. ‘తీసేయ్’ మెనూ తెరిచి ఒక్క నొక్కుతో తీసేశారు, డప్పు ఆగలేదు. చప్పట్ల వాయిద్యం ఇళ్లలో ఒంటరిగా సాధన చేసేవాళ్లకు ఉంచుతాను, గుంపులో అవసరం లేదు.

ఒక కొత్త అవసరం బయటపడింది. పాట పాటకూ వాయిద్యాలు మారుతాయి, ప్రతిసారీ మొదటి నుంచి చేర్చుకోవడం విసుగు. ప్యాచ్‌ను అలాగే సేవ్ చేస్తే గూళ్లలో పుట్టినవి కూడా ఫైలులోకి పోతాయి, తెరిచినప్పుడు టికిల్ వైపు పట్టికకు అవి తెలియవు. కాబట్టి తెరవగానే గూళ్లన్నీ తుడిచేసి, పాటల వివరాలను విడి టెక్స్ట్ ఫైళ్లలో దాస్తున్నాను. ఒక్కో పాటకు ఒక ఫైలు, ఒక్కో వరసలో గూడు అంకె, వాయిద్యం, ధ్వని స్థాయి, కాపు. ‘పాటలు’ మెనూ కూడా తెరిచినప్పుడల్లా ఆ ఫోల్డర్‌ను చూసే కట్టుకుంటుంది. పాట ఎంచుకుంటే వరసలు ఒక్కొక్కటిగా ‘చేర్చు’ వాక్యాలై వెళ్తాయి. ఎనిమిది వాయిద్యాలు ఒక్కసారి పుడితే శబ్దపు లెక్క ఎనిమిదిసార్లు మళ్లీ కట్టాలి, అప్పుడు శబ్దం ఒక్క క్షణం తెగినట్టు వినబడుతోంది. పాటకూ పాటకూ మధ్య కాబట్టి ప్రస్తుతానికి ఫర్వాలేదు. పాట నడుస్తుండగా మారాల్సిన వాయిద్యాలను ముందే పుట్టించి, ‘స్విచ్’ డబ్బాతో ఆపి ఉంచే పద్ధతి కట్టాలి.

మిగిలిన పనులు: డోలు ఇంకా రికార్డు కాలేదు. ఒగ్గు కథ చెప్పేవాళ్ల డోలు కావాలి, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లినప్పుడు అడగాలి, వాళ్లు ఒప్పుకుంటేనే. తాళాలకు బొమ్మ పేరు తయారుకాలేదు. మాక్‌లో మెనూ బొమ్మల ఎత్తు పరీక్షించాలి. కిన్నెర ఎక్స్‌టర్నల్‌ను విండోస్‌కు కంపైల్ చేయాలి. మామ ఇంకో డప్పు తెస్తానన్నాడు, వాళ్ల నాన్న కొట్టినది. దానికి తోలు కొత్తగా బిగించాలి, ముసురు ఆగాక.